రెండో బ్రేకు మీద కాలు

"అమ్మాయ్, బండి పక్కకి తియ్యి. నా గుండె ఆగిపోతోంది."

స్టీరింగు పట్టుకున్న అమ్మాయి ఆ మాటని పెద్దగా పట్టించుకోలేదు. అంతకుముందు ఇరవై నిమిషాల్లో పక్క సీట్లోంచి "నా ప్రాణాలు తోడేస్తున్నావు", "నన్ను మా ఇంటికి చేరుస్తావా లేదా" లాంటి మాటలు నాలుగైదు వచ్చాయి. అవన్నీ క్లచ్ గురించే. ఇదీ క్లచ్ గురించే కాబోలనుకుని కాలు సర్దుకుంది. తర్వాత ఓరగా చూస్తే డ్రైవింగ్ టీచరు ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకో చెయ్యి తలుపు పిడి మీద. పై పెదవి నిండా చెమట బొట్లు.

"మేడం, నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదు. ఊపిరి అందట్లేదు. వేళ్లు తిమ్మిరెక్కిపోతున్నాయి. పోతున్నానమ్మా నేను. మా ఆయనకి ఫోన్ చెయ్యి."

"ఫోన్ తర్వాత. ఆసుపత్రి ఎటు?"

"నువ్వు తీసుకెళ్తావా? నీకింకా మూడో గేరే పడట్లేదు."

"రెండో గేరులోనే వెళ్దాం."

ఆ అమ్మాయికి అది మూడో పాఠం. రెండు సిగ్నళ్లు, ఒక వంతెన, ఒక కూరగాయల బజారు దాటాలి. బండి నెత్తిమీద 'నేర్చుకుంటున్నాం' అన్న ఎర్రబోర్డు ఉండటంతో బస్సులు సైతం మర్యాదగా తప్పుకున్నాయి. పోతున్నానన్న టీచరు దారి పొడుగునా కళ్లు మూసుకునే ఉంది కానీ నోరు మూసుకోలేదు. "అద్దం... అద్దం చూడు. ఇండికేటర్ ఏదీ? ఎవరి కోసం దాచుకుంటున్నావు?" ఆసుపత్రి గుమ్మం ముందు బండి తిన్నగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఇద్దరు మనుషులు వచ్చి ఆమెని చక్రాల మంచం మీదికి ఎత్తుతుంటే ఆమె చెయ్యెత్తి ఆపి, వెనక్కి తిరిగి ఒక్క మాట అడిగింది.

"హ్యాండ్ బ్రేక్ వేశావా?"

వేయలేదు.

టీచరుకి యాభై రెండేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఒకే డ్రైవింగ్ స్కూల్లో పని. ఆమె చేతుల మీదుగా బండి నేర్చుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కల ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురుంటారు. ఎవర్నీ పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. మొదటి పాఠం అయ్యేలోగా ఒక ముద్దుపేరు తగిలించేస్తుంది. ఎప్పుడూ ఎడంచేత్తో మీసం దువ్వుకునే ఆయన దువ్వెన మాస్టారు. ఇరవై దాటి పోనివ్వని ముసలాయన నత్తగారు. ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్లినామె రక్త పరీక్షల ల్యాబులో పని చేస్తుంది కాబట్టి ల్యాబమ్మాయి. ల్యాబమ్మాయికి మూడేళ్ల కూతురు. బ్యాగులో థర్మామీటరు లేకుండా గడప దాటదు. బండి ఎందుకు నేర్చుకుంటున్నావని అడిగితే, "పాపకి ఎప్పుడైనా బాగోకపోతే ఆటో దొరక్కపోతేనో?" అంది. పాపకి ఎప్పుడైనా ఏమైనా అయిందా అంటే, ఇప్పటిదాకా రెండు జలుబులట.

టీచరుకి కూడా ఓ ముద్దుపేరుంది. ఆమెకి తెలియదంతే. వెనక వచ్చే బళ్ల డ్రైవర్లందరూ ఆమెని బ్రేకమ్మ అంటారు.

నేర్పించే బండికి బ్రేకులు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది టీచరు కాలి కింద. ఏ చెట్టు మీదికో, ఏ మనిషి మీదికో బండి వెళ్తుంటే టీచరు తన బ్రేకు నొక్కాలి. ఒక పాఠంలో ఒకట్రెండు సార్లు అవసరం పడుతుంది. ఈ ఏడాదిన్నరగా ఆమె బండి వెనక ఎర్రదీపాలు మాత్రం చీకట్లో మిణుగురుల్లా వెలిగి ఆరుతూనే ఉన్నాయి. దానికి కారణం ఆమె కుడికాలు. ఆ కాలు సంగతి ఆమెకే తెలియదు.

ఆసుపత్రిలో గుండెకి తీగలు తగిలించి కాగితం మీద గీతలు తీశారు. రెండుసార్లు రక్తం తీసుకున్నారు. షుగరు చూశారు, థైరాయిడ్ కూడా చూశారు. ఈలోగా ఆమె భర్త వచ్చాడు. దర్జీ. షాపు మూసి వచ్చిన తొందరలో మెడలో కొలతల టేపు అలాగే ఉండిపోయింది.

"ముప్పై ఏళ్ల కిందట నాకిచ్చేసిన గుండె కదా, నన్నడక్కుండా ఎలా ఆగుతుంది?" అన్నాడు. అన్నాడే గానీ, టేపు కొసని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడ్డాడు.

చిన్న వయసు డ్యూటీ డాక్టరు కాగితాలన్నీ చూసి, "గుండె బాగుందమ్మా. మీకొచ్చింది గుండెపోటు కాదు. పానిక్ ఎటాక్ లాగా ఉంది. మానసిక వైద్యుల్ని ఒకసారి కలవండి" అని ఓ చీటీ రాసిచ్చాడు.

సంతోషించాల్సిన మాటే. టీచరుకి మాత్రం ఒళ్లు మండింది. "నేను చచ్చి బతికితే, ఏమీ లేదంటాడేంటి? అంటే నాటకాలాడానా? మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి నాకేమైనా పిచ్చా?" ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి బండి అరలో, కాగితాల అడుగున తోసేసింది.

తర్వాతి వారం, ఆ రోజు తనకి ఊపిరి అందకుండా పోయిన సిగ్నలు వైపు వెళ్లలేదు. "అక్కడ రద్దీ ఎక్కువ" అంది. దాని తర్వాతి వారం వంతెన కూడా మానేసింది. "గాలి ఎక్కువ." ఇంకో వారానికి బజారు. చివరికి పాఠాలన్నీ స్కూలు వెనక మూడు వీధుల్లోనే తిరుగుతుండేవి. అక్కడి కుక్కలకి బండి చప్పుడు అలవాటై లేవడం కూడా మానేశాయి. ఎక్కడా ఏమీ జరగలేదు. అయినా భయం తగ్గకపోగా, మానేసిన ప్రతి దారీ ఇంకో దారి మీద అనుమానం పుట్టించేది.

ఇంట్లోనూ అంతే. పొయ్యి ఆపానా లేదా అని గ్యాసు మీట అయిదుసార్లు తిప్పి చూసేది. షాపుకి ఫోన్ చేసి "మెట్లు జాగ్రత్త" అనేది. భర్త ఓ రోజు టీవీలో బళ్లు తరుముకునే సినిమా చూస్తూ పక్కకి చూశాడు.

"ఏమోయ్, సోఫాకి కూడా బ్రేకు పెట్టించమంటావా?"

"ఏమైంది?"

"నీ కాలు చూడు."

చూసుకుంది. కుడికాలు చాపని ఒత్తి పట్టుకుని ఉంది.

అసలు దెబ్బ స్కూలు యజమాని దగ్గర తగిలింది. ఆయనది గట్టి గొంతు, మెత్తటి మనసు. ఆమెని చెల్లెమ్మా అంటాడు. ఓ రోజు పొద్దున్నే పిలిచి బల్ల మీద ఓ కాగితం పెట్టాడు.

"ఈ దఫా లైసెన్సు పరీక్షకి నీ స్టూడెంట్లు తొమ్మిది మంది వెళ్లారు చెల్లెమ్మా. ఏడుగురు తప్పారు."

"ఏడుగురా? పార్కింగులోనా?"

"పార్కింగు బ్రహ్మాండం. మలుపులు బ్రహ్మాండం. అందరూ ఆగాల్సిన గీత దగ్గరే తప్పారు. ఆగకుండా వెళ్లిపోయారు."

"గీత కనపడలేదా?"

"కనపడిందిట. నీ దువ్వెన మాస్టారు పరీక్షాధికారితో ఏమన్నాడో తెలుసా? 'సార్, ఈ బండి పాడైనట్టుంది. మా స్కూలు బండి అయితే గీత దగ్గరికి రాగానే దానంతటదే ఆగుతుంది' అన్నాడట."

టీచరు నవ్వబోయి ఆగిపోయింది. యజమాని నవ్వడం లేదు.

ఆ మధ్యాహ్నం ఆయన బండి వెనక సీట్లో కూర్చున్నాడు. నత్తగారు స్టీరింగు పట్టుకున్నాడు. గంటసేపు యజమాని రోడ్డు వైపు చూడలేదు, ఆమె కాలి వైపే చూశాడు. ఆ కాలు పువ్వు మీద సీతాకోకచిలుక వాలినంత మెత్తగా బ్రేకు మీద వాలుతోంది. వేగం తగ్గుతోంది. నత్తగారేమో తానే తగ్గించానన్న ధీమాతో తల ఊపుతున్నాడు. దిగాక యజమాని అరచేతిలో పెన్నుతో రాసుకున్న గీతలు చూపించాడు. నూట పద్నాలుగు. అందులో అవసరమైనవి రెండు.

"నువ్వు నేర్పట్లేదు చెల్లెమ్మా. వాళ్ల బదులు నువ్వే నడుపుతున్నావు. వాళ్ల కాలికి పని చెప్పడం మానేశావు."

ఇరవై రెండేళ్లలో ఒక్క ప్రమాదం లేదన్నది ఆమె గర్వం. ఇప్పుడా గర్వం కిందే తవ్వేసినట్టయింది. పాఠం అయిపోయిన వాళ్లు రేపు సొంత బళ్లలో కూర్చుని, గీత దగ్గర బండి దానంతటదే ఆగుతుందని ఎదురుచూస్తారు. ఎవరికీ ఏమీ కాకూడదని నొక్కిన బ్రేకే రేపు ఎవరి మీదికో బండిని పంపించబోతోంది.

"మూడు నెలలు టైమిస్తాను. ల్యాబమ్మాయి ఒక్కత్తే నీ దగ్గర నేర్చుకుంటుంది. ఆ పిల్ల ఆ గీత దగ్గర తన కాలితో తాను ఆపితే నీ బండి నీదే. లేదంటే నువ్వు ఆఫీసులో కూర్చుని ఫారాలు నింపాలి. నాకూ ఇష్టం లేదు. కానీ రోడ్డు మీద జనం ఉన్నారు కదా."

ఫారాలు నింపడం. ఆమె ఆ గదిని చూసింది. ఒక ఫ్యాను, ఒక క్యాలెండరు, గోడవైపు తిరిగిన కుర్చీ. బండి దగ్గరికెళ్లి అర తీసి, నాలుగు మడతల చీటీని విప్పింది.

డాక్టరమ్మకి అరవై దాటి ఉంటాయి. కళ్లజోడు ఓ కాడ విరిగితే ప్లాస్టరు చుట్టుకుంది. టీచరు కూర్చోగానే అడగదలచుకున్నది అడిగేసింది.

"నాకు పిచ్చా డాక్టరుగారూ?"

"ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నాను, ఆ జబ్బు మా పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి. ఈలోగా నేనడిగేవాటికి జవాబు చెప్తారా?"

చాలా అడిగింది. ఎన్నాళ్లనుంచి? దేని గురించి? ఒక్కదాని గురించేనా, ఇల్లూ పనీ ఒళ్లూ అన్నిటి గురించీనా? వద్దనుకుంటే ఆ ఆలోచన ఆగుతుందా? మెడ, భుజాలు పట్టేస్తున్నాయా? తెల్లవారకముందే మెలకువ వస్తోందా? చిన్నదానికి చిరాకు వస్తోందా? రోజుకెన్ని కాఫీలు? బతకాలనిపించకపోవడం లాంటిది ఎప్పుడైనా ఉందా? లేదు. కాఫీలు మాత్రం ఆరు. తర్వాత ఏడు ప్రశ్నల కాగితం ఒకటిచ్చింది. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. టీచరుకి ఇరవై ఒకటికి పదహారు వచ్చాయి.

"మంచి మార్కులేనా?"

"ఈ పరీక్షలో తక్కువ వస్తేనే పాసు. ఈ కాగితం ఒక్కటే చూసి తేల్చకూడదు. మీరు చెప్పిందంతా విన్నాను, మీ రక్త పరీక్షలు చూశాను, థైరాయిడ్ లేదు, గుండె బాగుంది. ఆరు నెలలు దాటి రోజూ ఇలాగే ఉంటోంది, పనికి అడ్డొస్తోంది. దీన్ని ఆందోళన రుగ్మత అంటాం. దాంతోపాటు అప్పుడప్పుడు పానిక్ వస్తోంది. చాలామందికి వస్తుంది. తగ్గుతుంది కూడా."

"నాకే ఎందుకొచ్చింది? నేనేం తప్పు చేశాను?"

"తప్పుతో పని లేదు. ఒక్క కారణం అని కూడా ఉండదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా కంగారు ఎక్కువా?"

టీచరుకి తండ్రి గుర్తొచ్చాడు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి తాళం లాగి చూసేవాడు. ఊరెళ్లాలంటే గంటన్నర ముందే బయల్దేరదీసేవాడు. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. ఆయన మాత్రం ఎప్పుడూ నవ్వలేదని ఇప్పుడే తట్టింది.

తర్వాత ఇంకొన్ని బయటికొచ్చాయి. రెండేళ్ల కిందట భర్త స్టూలు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుని ఆరు నెలలు మంచంలో ఉన్నాడు. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం ఆసుపత్రి, సాయంత్రం మళ్లీ పాఠాలు. ఆయన లేచి నడిచిన నెలలోనే, ఓ స్టూడెంటు చేతిలో బండి ఓ సైకిలు మీదికి వెళ్లింది. ఈమె బ్రేకు నొక్కింది. జానెడు దూరంలో ఆగింది. సైకిలు మనిషి తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఏమీ జరగలేదు.

"ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు" అంది టీచరు. "కానీ ఆ రోజు నుంచి, నొక్కి ఉండకపోతే, నొక్కి ఉండకపోతే అని అదే ఆలోచన."

"అందుకని నొక్కుతూనే ఉన్నారు. ప్రతిసారీ నొక్కడం, ప్రతిసారీ ఏమీ జరగకపోవడం. మీ మెదడు ఏం నేర్చుకుంది? నొక్కాను కాబట్టే బతికాం అని. నొక్కకపోయినా బతికేవాళ్లమని తెలుసుకునే అవకాశం దానికి మీరు ఒక్కసారీ ఇవ్వలేదు."

టీచరు తన కుడికాలి వైపు చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"అంటే నా లోపల కూడా ఒక టీచరుంది. అవసరం ఉన్నా లేకపోయినా నా బదులు బ్రేకు నొక్కేస్తోంది."

"ఈ మాట నేను రేపటి నుంచి అందరికీ చెప్పుకుంటాను, మీకభ్యంతరం లేకపోతే."

వైద్యం రెండు రకాలుగా సాగుతుందని చెప్పింది డాక్టరమ్మ. ఒకటి రోజుకో మాత్ర. అది నిద్రమాత్ర కాదు, అలవాటుపడిపోయే రకమూ కాదు. పని మొదలుపెట్టడానికి మూడు నాలుగు వారాలైనా పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, కంగారు కాస్త పెరిగినట్టు కూడా ఉండొచ్చు. బాగుంది కదా అని ఒక్కసారిగా మానేయకూడదు, తననడిగి మెల్లగా తగ్గించాలి. రెండోది వారం వారం వచ్చి మాట్లాడటం. కాఫీలు రెండుకి తగ్గించాలి.

"మాట్లాడితే తగ్గుతుందా?" అన్నాడు వెంట వచ్చిన భర్త. "అలాగైతే మా ఆవిడకి ఎప్పుడో తగ్గిపోవాలి కదండీ."

"ఆవిడ మాట్లాడటమే కాదు, హోంవర్కు కూడా చెయ్యాలి" అంది డాక్టరమ్మ.

మొదటి హోంవర్కు లెక్కపెట్టడం. ఒక పాఠంలో కాలు ఎన్నిసార్లు పడుతోంది, అందులో ఎన్ని అవసరం? చిక్కేమిటంటే, పడ్డ సంగతి కాలికి తప్ప ఆమెకి తెలియదు. ఈ గొడవంతా విన్న ల్యాబమ్మాయి మర్నాడు ల్యాబు నుంచి ఓ ప్లాస్టిక్ ముక్క తెచ్చింది. గాజు సామాను పగలకుండా చుట్టి పంపుతారే, గాలి బుడగలుండే కాగితం, అది. పిడికెడంత ముక్క కత్తిరించి రెండో బ్రేకు మీద నాలుగు వైపులా టేపు వేసి బిగించింది.

"నొక్కితే చప్పుడవుతుంది మేడం. ప్రమాదం వస్తే ఎలాగూ నొక్కేయొచ్చు, బ్రేకు పడటానికి ఇదేం అడ్డం కాదు."

"నాకు బుడగల పరీక్ష పెడతావా? నేను నీ టీచర్ని."

"బండికి మీరు టీచరు. బుడగలకి నేను."

బండి వీధి మలుపు దాటకుండానే ఠప్. పాల బండి దగ్గర ఠప్, ఠప్. ఎక్కడో నూరు గజాల అవతల ఒకాయన గొడుగు విప్పితే ఠప్. ఇరవై బుడగల ముక్క పావుగంటకి చదునైపోయింది. ల్యాబమ్మాయి నవ్వాపుకోలేక బండి ఆపింది. టీచరు కోపంగా చూడబోయి, తనూ నవ్వేసింది. ఏడాదిన్నరలో ఆమె అంతలా నవ్వడం అదే మొదలు.

డాక్టరమ్మతో కూర్చుని ఒక జాబితా రాశారు, సులువైన భయం కింద, కష్టమైనది పైన. మొదటి మెట్టు ఖాళీ మైదానంలో అయిదు నిమిషాలు, పాదాలు వెనక్కి పెట్టుకుని కూర్చోవడం. తర్వాత వెనక వీధులు. తర్వాత బజారు, వంతెన. అన్నిటికన్నా పైన ఆ సిగ్నలు. ఒక్కో మెట్టు మీద భయం దిగేదాకా ఆగాలి, దిగాకే పైకి. భయం వచ్చినప్పుడు పారిపోకూడదు. ధైర్యానికని వెంట పట్టుకెళ్లే నీళ్ల సీసా, తప్పించుకునే పక్క దారి, "ఇవాళ వద్దులే" అన్నీ రెండో బ్రేకులేనని చెప్పింది డాక్టరమ్మ.

మాత్రలు వేసుకున్న మొదటి పది రోజులూ కడుపులో తిప్పింది. "నాకిది పడదు, మానేస్తా" అంది. భర్త డాక్టరమ్మకి ఫోన్ కలిపి చేతికిచ్చాడు. తిన్న తర్వాత వేసుకోండి, ఇంకో వారం చూద్దాం అందామె. ఆ వారం గడిచింది. నాలుగో వారంలో ఓ పొద్దున టీచరు ఆరున్నరకి లేచి, గోడ గడియారం ఆగిపోయిందనుకుంది. ఆగలేదు. ఆమె నిద్రపోయిందంతే.

అన్నీ సాఫీగా ఏమీ జరగలేదు. ఏడో వారంలో, వంతెన మీద, వాన మొదలైంది. అద్దం మీద వైపర్లు ఇటూ అటూ ఊగుతుంటే ఆమె వేళ్లు చల్లబడ్డాయి. గుండె దడదడ. అదే ఊపిరాడకపోవడం. "మళ్లీ వచ్చేసింది" అంది. ల్యాబమ్మాయి వంతెన దిగాక బండి పక్కకి తీసి ఆపింది. ఈసారి హ్యాండ్ బ్రేకు వేసింది.

"మేడం, మొన్న చెప్పాను చూడండి. ప్రమాదం ఉందనుకుని ఒళ్లు అడ్రినలిన్ వదులుతుంది. దానితో గుండె పరుగెడుతుంది, ఊపిరి మరీ వేగంగా తీస్తాం. అలా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్ల తిమ్మిరి దానివల్లే. గాలి చాలక కాదు, ఎక్కువై."

"తల్లీ, పాఠం తర్వాత చెప్దువు గాని. నేను పోతున్నానా, లేదా?"

"లేదు."

"అయితే ఊరుకో."

టీచరు ఊపిరి నెమ్మదిగా వదలడం మొదలుపెట్టింది. లోపలికి తీసుకున్నదానికన్నా బయటికి వదిలేది పొడుగ్గా. తర్వాత డాక్టరమ్మ చెప్పనిది, తనకి వచ్చినది ఒకటి చేసింది. ఆ దడకి ఓ ముద్దుపేరు పెట్టింది.

"ఏమయ్యా కంగారయ్యా, వచ్చావా. కూర్చో. సీటు సర్దుకో. అద్దం చూసుకో. తొందరేం లేదు, మనకి గంట టైముంది."

పది నిమిషాలు పట్టింది. ఆమె దాన్ని పొమ్మనలేదు, అదే దిగి వెళ్లిపోయింది. వాన మాత్రం తగ్గలేదు. టీచరు ముఖం తుడుచుకుని, "వెనక్కి తిప్పు. ఆ వంతెన మళ్లీ ఎక్కుదాం" అంది. ఎక్కారు. ఒక్క బుడగ పేలింది.

పరీక్షకి నాలుగు రోజుల ముందు ఆ సిగ్నలు దగ్గరికి వెళ్లారు. ఎర్రదీపం. ముందు ఓ లారీ, వెనక ఓ బస్సు. టీచరు చేతులు ఒళ్లో పెట్టుకుని, పాదాలు సీటు కిందకి ముడుచుకుని కూర్చుంది. లారీ దగ్గరవుతోంది, దగ్గరవుతోంది. బండి ఆగింది. ఆ పొద్దున అంటించిన కొత్త ముక్కలో బుడగలు ఇరవైకి ఇరవై ఉన్నాయి. ల్యాబమ్మాయి తన కాలి వైపు చూసుకుంది, అది బ్రేకు మీద ఉంది. అది తానే పెట్టిన కాలని ఆమెకి ఒక్క క్షణం నమ్మకం కుదరలేదు.

పరీక్ష రోజున టీచర్లు కంచె బయటే నిలబడాలి. ఆ రోజు పొద్దున్నే వాన కురిసి వెలిసింది. యజమాని వచ్చాడు. షాపుకి తాళం వేసి భర్త వచ్చాడు. ల్యాబమ్మాయి భర్త పాపనెత్తుకుని వచ్చాడు. బండి మలుపులు తిరిగింది. వెనక్కి వచ్చేటప్పుడు ఓ ప్లాస్టిక్ స్తంభాన్ని పడగొట్టింది. టీచరు కళ్లు మూసుకుంది.

"తెరువు చెల్లెమ్మా. గీత దగ్గరికి వస్తోంది" అన్నాడు యజమాని.

తెల్లగీత ఇరవై గజాల్లో ఉంది. పదిహేను. పది. లోపల పక్క సీట్లో పరీక్షాధికారి, ఆయన కాలి కింద ఏమీ లేదు. ఎనిమిది. బండి వెనక ఎర్రదీపాలు వెలిగాయి. ముందు చక్రాలు గీతకి బెత్తెడు ఇవతల ఆగాయి.

భర్త కిందికి చూశాడు. "ఏమోయ్, నువ్వు ఇక్కడ వేశావుగా బ్రేకు."

తడి మట్టిలో ఆమె కుడి చెప్పు మడమదాకా దిగబడిపోయి ఉంది. లాగితే చెప్పు రాలేదు, కాలొక్కటే వచ్చింది. యజమాని గట్టి గొంతుతో నవ్విన నవ్వుకి పరీక్షాధికారి కూడా తల తిప్పి చూశాడు. స్తంభానికి మార్కులు పోయాయి కానీ ల్యాబమ్మాయి పాసైంది. యజమాని జేబులోంచి బండి తాళం తీసి టీచరు చేతిలో పెట్టాడు. ఒంటి చెప్పుతో నిలబడి ఆమె దాన్ని పిడికిట్లో మూసుకుంది. తప్పిన ఆ ఏడుగుర్నీ మళ్లీ పిలిచి ఉత్తినే నేర్పుతానంది. నత్తగారు ఇప్పుడు నలభైలో వెళ్తున్నాడు.

ఆమెకి పూర్తిగా నయమైందా అంటే, గ్యాసు మీట ఇప్పటికీ రెండుసార్లు చూస్తుంది. అయిదు నుంచి రెండుకి వచ్చింది కదా అంటుంది. మాత్ర ఇంకొన్నాళ్లు వేసుకోవాలి, తర్వాత డాక్టరమ్మ మెల్లగా తగ్గిస్తుంది. కంగారయ్య అప్పుడప్పుడు వస్తాడు. ఎక్కువసేపు కూర్చోడు.

పరీక్ష అయిన సాయంత్రం అందరూ దగ్గర్లోని పార్కులో టీ తాగారు. పాప జారుడుబల్ల మెట్లెక్కుతోంది. మూడు మెట్లు, కింద ఇసుక. ల్యాబమ్మాయి కప్పు పక్కన పెట్టి, రెండు చేతులూ చాచి పరుగెత్తబోయింది. టీచరు ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

"పడుతుంది మేడం."

"పడొచ్చు. ఎంత ఎత్తు అది?"

"నా మోకాలంత."

"కింద ఇసుక. నువ్వు నాలుగడుగుల్లో ఉన్నావు. నువ్వు ప్రతి మెట్టు మీదా పట్టుకుంటే, తన కాలు తనకెప్పుడు తెలుస్తుంది? దువ్వెన మాస్టార్ని మర్చిపోయావా?"

ల్యాబమ్మాయి చేతులు దించింది. పక్కన పెట్టిన కప్పు మళ్లీ తీసుకుంది. పాప రెండో మెట్టు మీద జారి, చతికిలపడి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసి, లేచి మళ్లీ ఎక్కింది.

ఇదంతా కాగితం మీద పెట్టింది ఆ ల్యాబమ్మాయే. ఈ చివరి పేజీ రాస్తుండగా పక్క గదిలో ఏదో దబ్బున పడింది. సగం లేచింది. ఏడుపు వినపడలేదు. కాసేపటికి బొమ్మతో మాట్లాడుతున్న గొంతు వినపడింది. థర్మామీటరు బ్యాగులోనే ఉంది, బ్యాగు కొక్కేనికే ఉంది. ఆమె మళ్లీ కూర్చుని, ఆ రోజు జారుడుబల్ల దగ్గర టీచరు టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పిన మాట మనసులో ఇంకోసారి అనుకుంది.

"కాలు బ్రేకు పక్కన పెట్టుకో తల్లీ. బ్రేకు మీద కాదు."